గుమ్మం దాటని కబురు

సాయంత్రం నాలుగింటికి వంటింటి గుమ్మం దగ్గర కత్తిపీట వేసుకుని రాత్రికి కూర తరుక్కుంటాను. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి అదే వేళ, అదే చోటు. ఇప్పుడు మాత్రం పని తొందరగా అయిపోతోంది. ఇదివరకు కాసిని గోరుచిక్కుడు కాయలు కోసేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. మా అత్తయ్య ఎదురుగా కుర్చీలో కూర్చుని తను రాసింది చదివేవారు. నేను కోస్తూ వినేదాన్ని. ఆవిడ కళ్ళు కాగితం మీద ఉన్నట్టే ఉండేవి కానీ ధ్యాసంతా నా చేతి మీదే. నా చెయ్యి ఆగిందంటే ఆ వాక్యం ఉంచేవారు. ఆగకుండా కోసుకుంటూ పోతే కొట్టేసేవారు. "ఏంటండీ?" అని నేను అడిగితే ఆ పేరా అంతా మళ్ళీ మొదటికి వచ్చేది.

ఇప్పుడు నా చెయ్యి ఎందుకూ ఆగదు. కాయలు అయిపోతాయి, ఇంకా ఎండ ఉంటుంది.

మా అత్తయ్య పేరు శేషారత్నం. దిల్‌సుఖ్‌నగర్ వెనక సందుల్లో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో చాలా ఏళ్ళు తెలుగు చెప్పారు. మానేశాక, మీర్‌పేటలో ఉన్న ఆడపిల్లల వసతి ఇంటి కోసం మూడు నెలలకోసారి ఒక కాగితం రాసేవారు. నల్లగొండ వైపు నుంచి కూలికి వచ్చి, పని ఎటుంటే అటు వెళ్ళిపోయే అమ్మానాన్నలు, చదువు చెడకూడదని తమ పిల్లలను ఆ ఇంట్లో దింపి వెళ్తారు. ఇల్లు కిరాయిది. బియ్యం, బట్టలు, పుస్తకాలు అన్నీ నలుగురు ఇచ్చేవే. అలా ఇచ్చేవాళ్ళకు, మీరిచ్చింది ఇలా అయింది అని చెప్పే కాగితం అది. పేరు 'ఇంటి కబురు'. ఒకే షీటు మడిస్తే నాలుగు పేజీలు. కవరు ఉండదు. ఇంకో మడత వేసి, అంచు అంటించి, పైన అడ్రసు రాసి, బుక్‌పోస్టులో వేయడమే.

నేను ఏడో తరగతితో ఆగినదాన్ని. రాయడం నా పని కాదు. ఆవిడ గురించి ఎవరైనా రాస్తారేమోనని చూశాను. ఎవరూ రాయలేదు.

డబ్బూ దస్కం ఇచ్చేవాళ్ళను అందరూ దాతలు అంటారు. ఆవిడకు ఆ మాట గిట్టేది కాదు. చుట్టాలు అనేవారు. "చుట్టాలకి రిపోర్టు పంపుతామా అమ్మాయీ? కబురు పంపుతాం."

ఈ పట్టు ఎక్కడిదో ఒకసారి చెప్పారు. ఆవిడది దివిసీమ. ఉప్పెనలో మా మామయ్య గారు పోయారు. ఇల్లు పోయింది, గొడ్డూ గోదా పోయింది. చంకలో మా ఆయన మిగిలాడు. తర్వాత లారీల్లో బట్టలు వచ్చాయి. ఆవిడ చేతికి ఒక ఆకుపచ్చ నేత చీర వచ్చింది. కొంగు దగ్గర చిరుగు ఉంటే ఎవరో సన్నటి దారంతో, దగ్గర దగ్గరగా కుట్టు వేసి ఉంచారు.

"పారేసే చీరైతే ఎవరూ కూర్చుని కుట్టరు. ఎవరో కట్టుకుంటారు కదా అని కుట్టింది. అందిందమ్మా, కట్టుకున్నానమ్మా అని ఆవిడకి చెప్పాలనిపించింది. ఎవరికని చెప్పను? ఏ ఊరని రాయను? బతికుంటే ఇప్పటికీ అనుకుంటూ ఉంటుంది, ఆ చీర ఎవరికి దక్కిందోనని."

ఆ చీర చాలా ఏళ్ళు మా ఇంట్లో ఉంది. పాతదై చీకిపోయాక కూడా ఆ కుట్టున్న ముక్క కత్తిరించి బీరువాలో దాచుకున్నారు.

మీర్‌పేట ఇంటికి సెక్రటరీ మల్లికార్జునరావు గారు. బ్యాంకులో మేనేజరు చేసి రిటైరయ్యారు. మంచివారు, కాకపోతే చేతికి ఆఫీసు భాష అంటుకుపోయింది. మొదట్లో ఆయనే కొన్ని వాక్యాలు రాసిచ్చేవారు. 'మా సంస్థ గత మూడు నెలల కాలంలో సాధించిన ప్రగతి' అని. అత్తయ్య చదువుతుంటే నేను టమాటాలన్నీ తరిగేశాను.

"రావు గారూ, మీ అమ్మాయికి ఉత్తరం రాస్తే ప్రగతి అని రాస్తారా?" అన్నారు అత్తయ్య.

"మా అమ్మాయికి ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో మేడమ్."

"అదీ సంగతి."

ఆయన నవ్వేశారు. అప్పటినుంచి రాత ఆవిడది, అచ్చు పని ఆయనది.

ఒక కబురులో ఒక్క పిల్ల గురించే రాసేవారు. అందరి గురించీ రాస్తే ఎవరూ గుర్తుండరని. ఏడిపించేలా రాయరు. రాసింది ముందు ఆ పిల్లకే చదివి వినిపిస్తారు, పిల్ల మొహం చిన్నబోతే ఆ మాట తీసేస్తారు. 'మేము చేశాం' అన్నది ఉండదు, 'మీరు పంపిన దుప్పటి' అని ఉంటుంది. కావలసింది అడగడం చివర రెండు లైన్లే. పోస్టులో వేసేటప్పుడు ఒక కాగితం మీద తన పేరు, మా అడ్రసే రాసి అందులో కలిపేవారు. ఎన్నాళ్ళకు చేరుతుందో, నలిగి వస్తుందో, తడిసి వస్తుందో మన ఇంటికే వస్తే తెలుస్తుంది అనేవారు. నీకు నువ్వే ఉత్తరం రాసుకుంటున్నావని మా ఆయన త్రినాథరావు ఏడిపించేవారు. ఆటోనగర్‌లో లారీల ఆఫీసులో గుమాస్తా ఆయన. ఉదయం పోతే రాత్రికి గానీ రారు. మాకు పిల్లలు లేరు. పగలంతా ఇంట్లో మేమిద్దరమే.

తెలంగాణ ఉద్యమం జోరందుకున్నాక ఈ కబురు రాయడం కష్టమైంది. కబురు అందుకునే చుట్టాల్లో సగం మంది కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. సగం మంది నల్లగొండ వాళ్ళు. ఒక ఇంటి టీవీలో వినబడే మాటకు ఇంకో ఇంట్లో తలుపులు ధడేలుమనేవి.

మా వెనక వీధి ఇందిరాదేవి గారు నెలనెలా బియ్యం పంపేవారు. ఒకరోజు గేటు దగ్గరే నిలబెట్టి అడిగారు. "వాళ్ళు మనల్ని పొమ్మంటుంటే, మనం వాళ్ళ పిల్లలకి బియ్యం పంపాలా శేషారత్నం గారూ?"

"పిల్లలు పొమ్మన్లేదు ఇందిరా. అన్నం దగ్గర ఇంకాస్త అంటారు, అంతే."

"మీతో వాదించలేనండీ బాబూ" అని ఆవిడ లోపలికి వెళ్ళి పనివాడి చేత బస్తా పంపించారు.

కొత్తపేట పండ్ల మార్కెట్లో మట్టయ్య అని బత్తాయిల వ్యాపారి. దుకాణం మీద జై తెలంగాణ బ్యానరు. అత్తయ్యతో నేనూ వెళ్ళేదాన్ని.

"రాష్ట్రం మాకియ్యాలె టీచరమ్మా. అండ్ల రాజీ లేదు. బత్తాయిలంటవా, అవి పిల్లలయి. మాపటికి ఆటోల పంపిస్త."

"మీ రాష్ట్రం వచ్చాక మానేస్తారా ఏంటి?"

"అప్పుడింకో బుట్ట ఎక్కువ పంపిస్త. సంబురం గద."

ఆ మూడు నెలల కబురులో, పిల్లలు బత్తాయి తొక్కలు ఎండబెట్టి నలుగుపిండిలో కలుపుకున్న సంగతి వచ్చింది. మట్టయ్య అది చదివించుకుని, "మా తొక్కలకు పేపర్ల పేరొచ్చింది, మాకు రాకపాయె" అని మార్కెట్ అంతా చెప్పుకున్నాడట.

ఏ పిల్లది ఏ ఊరో, ఏ కులమో ఆవిడ ఎన్నడూ రాయలేదు. ఉద్యమం మాటా రాయలేదు. బంద్ రోజు స్కూలు లేకపోతే పిల్లలు ఏం చేశారో, ఎవరి జడ ఎవరు వేశారో రాసేవారు. ఇటు వాళ్ళూ చదివేవారు, అటు వాళ్ళూ చదివేవారు.

సకల జనుల సమ్మె రోజుల్లో ఆవిడ పోయారు. ఆ సాయంత్రం నేను బీరకాయలు చెక్కు తీస్తున్నాను. ఆవిడ చదువుతూ చదువుతూ ఆగారు. వాక్యం నచ్చక ఆలోచిస్తున్నారు కాబోలనుకున్నాను. ఒక కాయ అయిపోయింది. ఇంకో కాయ తీసుకున్నాను. అది కూడా సగమయ్యాక తలెత్తి చూశాను.

బస్సుల్లేవు. దివిసీమ నుంచి ఎవరూ రాలేకపోయారు. పాడె మోసినవాళ్ళలో మట్టయ్య ఉన్నాడు. మార్కెట్ బంద్ ఉంది కదా, ఖాళీగున్న, అందుకే వచ్చిన అన్నాడు మా ఆయనతో. బంద్ లేకపోయినా వచ్చేవాడే.

సమ్మె ముగిసి, పోస్టు మామూలయ్యాక, మల్లికార్జునరావు గారు 'ఇంటి కబురు' వేశారు. మొదటి పేజీ నిండా ఆవిడ ఫొటో. ఫొటోకు దండ. చుట్టూ లావుగా నల్లటి గీత. కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ. అచ్చయి వచ్చిన కాగితాలు చూసి ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నాకూ ఆ ఫొటో బాగుందనిపించింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ నవ్వుతున్నప్పుడు తీసింది. అందరం మా హాల్లో కూర్చుని మడతలు పెట్టి స్టాంపులు అంటించాం. లోపలి పేజీలో అసలు సంగతి ఉంది. సమ్మెలో రావలసిన బియ్యం రాలేదు, కిరాయి నిలిచిపోయింది, పదో తరగతి పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఇల్లు నడవాలంటే ఈసారి చుట్టాలందరూ ఒక చెయ్యి వేయాలి.

ఎవరూ వేయలేదు. ఒక్క ఉత్తరం రాలేదు. ఎప్పుడూ అడగకుండానే పంపేవాళ్ళు కూడా ఊరుకున్నారు.

"ఉద్యమమమ్మా" అన్నారు రావు గారు. "మనవాళ్ళు భయపడ్డారు. వాళ్ళు మనసు విరిచేసుకున్నారు. టీచరు గారు ఉన్నన్నాళ్ళూ లాక్కొచ్చారు. జనవరి నెలాఖరు దాకా చూద్దాం. ఆపైన పిల్లల్ని ఊళ్ళకు పంపించడమే."

మీర్‌పేట ఇంట్లో వంట చేసే అండాలమ్మకు ఈ మాట చెబితే ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు.

"పంపితె అయిపాయె. ఇగ మల్ల రారు. గీతను వాళ్ళమ్మ పత్తి ఏరనీకి తోల్కపోతది. పోరికి లెక్కలంటె పానం. మార్చిల పరీక్షలు రాస్తదనుకున్న."

గీత పదో తరగతి. అత్తయ్య చివరి రోజు చదివింది గీత గురించే. సగమే చదివారు. ఆ సగం కూడా ఆవిడకు నచ్చలేదు. నా చెయ్యి ఆగలేదు మరి.

నేనూ ఉద్యమం వల్లే అనుకున్నాను. ఇంట్లో కూర్చుని అదే అనుకుంటూ ఉండేదాన్ని. ఆవిడ ఇన్నేళ్ళు కట్టినది ఆవిడతోనే పోయిందని.

మైల రోజుల్లో ఇందిరాదేవి గారు మాకు అన్నం, పప్పు పంపిన గిన్నెలు నా దగ్గరే ఉండిపోయాయి. డిసెంబరులో ఒకరోజు వాటిని తోమి తీసుకెళ్ళాను. గేటు పక్కన గోడకు కరెంటు మీటరు పెట్టె ఉంటుంది. దాని మీద మడిచిన కాగితం ఒకటి. మంచుకు తడిసి, ఎండకు ఎండి ముడుచుకుపోయింది. నల్ల గీత లోపలి నుంచి అత్తయ్య నా వైపు నవ్వుతున్నారు. అంచు అంటించింది అంటించినట్టే ఉంది.

ఇందిరాదేవి గారు నా చూపు గమనించారు.

"ఏమనుకోకమ్మా. పెద్దకర్మ కార్డు వచ్చిందని చూశాను. ఇంట్లోకి తేకూడదు కదా. అలాగని ఆవిడ ఫొటోని చించి పారేయడానికి చెయ్యి రాలేదు. అక్కడ పెట్టేశాను."

"అది కార్డు కాదు పిన్నిగారూ. ఇంటి కబురు."

"అయ్యో. లోపల ఏమన్నా ఉందా?"

గిన్నెలు ఇచ్చేసి కొత్తపేట మార్కెట్‌కు నడిచాను. ఒక్కదాన్నే అంత దూరం వెళ్ళడం అదే మొదలు.

"వచ్చింది చెల్లె" అన్నాడు మట్టయ్య. "టీచరమ్మ ఫొటో చూసి దండం పెట్టుకున్న. ఆడనే బయట చింపేసిన. చావు కాయిదం ఇంట్లకు తేం గద. ఏందట్ల చూస్తవు? మీ దిక్కు తెస్తరా?"

"మా వైపూ తేరు అన్నయ్యా."

రాష్ట్రం విడిపోవాలనే ఆయన, కలిసుండాలనే ఆవిడ, ఇద్దరూ ఒకే పని చేశారు. తిరిగి వస్తుంటే నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. అత్తయ్యకు చెబితే ఎంత నవ్వేవారో. ఇంటికి వెళ్ళగానే చెప్పాలి అనుకుంటూ సగం దారి నడిచాను కూడా.

రావు గారికి చెప్పాను. "మా బావగారి పెద్దకర్మ కార్డు వస్తే నేనూ గేటు దగ్గరే చింపానమ్మా. నాకెందుకు తట్టలేదో" అన్నారు ఆయన. "మళ్ళీ వేద్దాం. కాగితం నేను తెస్తాను. రాయడం నువ్వు రాయి."

"నాకు రాదండీ."

"నాకూ రాదు. ఇన్నేళ్ళూ విన్నదానివి నువ్వు."

నాలుగింటికి కత్తిపీట పక్కన పెట్టి కాగితం తీశాను. ఎదురు కుర్చీ ఖాళీ. రాసింది చదివితే వినేవాళ్ళు లేరు. గోడకు చదివితే గోడ ఏం చెబుతుంది? మా ఆయనకు రాత్రి వినిపిస్తే బాగుంది బాగుంది అన్నారు. ఆయన ఏం చదివినా అలాగే అంటారు. మొదటి పేరాకే నాలుగు సాయంత్రాలు పోయాయి. చివరికి ఆ కాగితం కొంగున ముడేసుకుని మీర్‌పేట ఆటో ఎక్కాను.

అండాలమ్మ వంటింట్లో కత్తిపీట మీద ఉల్లిగడ్డలు కోస్తోంది. ఎదురుగా కూర్చుని, "నువ్వు కోస్తూ ఉండు, నేను చదువుతాను" అన్నాను.

"నాకు సదువు రాదక్కా."

"చదవక్కర్లేదు. కోస్తూ ఉండు."

చదివాను. మా అత్తయ్య గారు మమ్మల్ని విడిచి వెళ్ళిన బాధలో అని మొదలుపెట్టి, ఆవిడ లేని లోటు ఎంతటిదో రాశాను. అండాలమ్మ చెయ్యి ఆడుతూనే ఉంది. ఉల్లిగడ్డలన్నీ అయిపోయి పచ్చిమిరపకాయలు మొదలుపెట్టింది. నేను చదవడం ఆపేశాను.

"ఏమైందక్కా?"

"బాలేదు కదా."

"బాగుంది. గాని గిది మీ ఇంటి ఏడుపు. మాకు గూడ ఏడుపొస్తది, టీచరమ్మ అంటె. పోరగాండ్ల ముచ్చట ఏది? సమ్మెల బడి బందున్నప్పుడు గీత మా పానం తీసింది. వాకిట్ల నేలంత లెక్కలే. సుద్దతోని గీసుడు, చిన్నోళ్ళకు చెప్పుడు. మాపటికి కడగాలె గద, నీళ్ళేడున్నయి? కరెంటు లేదు, మోటరు లేదు. నేను బియ్యం కడిగిన నీళ్ళు దాచిపెడితె గవ్విటితోని కడిగేది. తెల్లారి మల్ల లెక్కలు."

"ఆ నీళ్ళతోనా?"

"ఇంక వేరే నీళ్ళేవి? నేల గూడ మంచిగ తెల్లగైంది."

ఇంటికి వచ్చి అదే రాశాను. మీరు పంపిన బియ్యం పిల్లలు తిన్నారు. ఆ బియ్యం కడిగిన నీళ్ళతో గీత రోజూ సాయంత్రం వాకిలి కడిగింది. తెల్లవారి అదే వాకిట్లో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పింది. బడి లేని రోజుల్లో మీ బియ్యమే బడి నడిపింది. ఇంతే, దీనికి అటూ ఇటూ కొంచెం. అత్తయ్య గురించి చివర ఒక్క ముక్క రాశాను. శేషారత్నం టీచరు గారు లేరు, కబురు మాత్రం వస్తుంది అని. దాని కింద, పరీక్షల దాకా బియ్యం కావాలని రెండు లైన్లు.

మళ్ళీ వెళ్ళి చదివాను. ఈసారి వంకాయలు. వాకిలి కడిగిన దగ్గరికి వచ్చేసరికి అండాలమ్మ చెయ్యి ఆగింది. కోసిన వంకాయ ముక్క చేతిలోనే ఉంది. నల్లబడిపోతుందని కూడా చూసుకోలేదు.

"గిదంత నేను చెప్పిందే గద" అంది. "ఇప్పుడు ఇంటుంటె ఎట్లనో ఉంది."

గీతకు కూడా వినిపించాను. పిల్ల తలొంచుకుని విని, "నా పేరు రాయుండ్రి ఆంటీ. గాని ఒక లెక్క తప్పు చెప్పిన. చిన్నోళ్ళే పట్టిండ్రు. అది గూడ రాయుండ్రి, లేకుంటె నవ్వుతరు" అంది. రాశాను. నాకు అన్నిటికన్నా ఆ ముక్కే నచ్చింది.

అచ్చయింది. ఫొటో లేదు, నల్ల గీత లేదు. అయినా భయమే. మొన్నటిది చావు కాగితమని అనుకున్న ఇంటికి అదే మడతలో ఇంకోటి వెళ్తే చేత్తో ముట్టుకుంటారా? ఇందిరాదేవి గారిని అడిగితే ఆవిడే అన్నారు. "నాలుగు మూలలా పసుపు పెట్టి పంపమ్మా. పసుపున్నదాన్ని ఎవరూ గుమ్మం బయట వదిలేయరు."

నిజమే. కానీ మా ఇంట్లో ఏటిసూతకం. ఏడాది తిరిగేదాకా శుభకార్యానికి నా చెయ్యి పెట్టకూడదు. పసుపు పెట్టినా నా చేత్తో పెట్టిందని తెలిస్తే ఇంకా దోషమంటారు. ఈ సంగతి అండాలమ్మతో అన్నాను.

"పిల్లలు పెడతరు. పిల్లలకేం మైల?"

ఆదివారం వాకిట్లో చాపలు పరిచాం. నేను మడతలు పెట్టి, అంటించి, అడ్రసులు రాశాను. రాసి పక్కకు తోస్తే పిల్లలు తడి పసుపులో వేలు ముంచి నాలుగు మూలలా అద్దారు. కొన్నిటికి మరీ ఎక్కువైంది. ఒక చిన్నపిల్ల ప్రతి మూలా పెద్ద బొట్టు పెడుతుంటే గీత కసిరింది, "ఏందే, పెండ్లి చేస్తున్నవా?" అని. అడ్రసులు రాసుకుంటూ పోయి, అత్తయ్య ఎప్పుడూ చేసినట్టే ఆవిడ పేరు, మా ఇంటి నంబరు కూడా రాశాను. రాశాక చూసుకున్నాను. తీసేయలేదు. ఆ కాగితమూ పిల్లల ముందుకు జరిగిపోయింది.

సంక్రాంతి దాటాక మీర్‌పేట ఇంటి ముందు ఆటో ఆగింది. మట్టయ్య దిగాడు. బత్తాయిల బుట్టలు, వాటి కింద బియ్యం బస్తాలు.

"మా ఇంటామె సదివి వినిపించింది" అన్నాడు అండాలమ్మతో. "బియ్యం నీళ్ళు మేం బర్రెలకు పోస్తం. మీ పోరి లెక్కలకు పోస్తున్నదట గద. ఏది, పిలువు, చూడాలె."

గీత సిగ్గుపడి బయటకు రాలేదు.

ఇందిరాదేవి గారు మా ఇంటికే వచ్చారు. కాగితం చేతిలో పట్టుకుని, చెప్పులు విప్పి, లోపలికి వచ్చి కూర్చున్నారు. "లెక్క తప్పు చెప్పిందట కదా పిల్ల" అని నవ్వారు. "నేనూ అంతే, పదో తరగతిలో." ఆ నెల నుంచి బియ్యం మళ్ళీ పంపుతానన్నారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే కదిలారు. అందరూ కాదు. కొందరు ఉద్యమం వల్లే మానుకున్నారేమో, వాళ్ళ నుంచి మాట లేదు. మల్లికార్జునరావు గారు వచ్చి, పరీక్షలయ్యేదాకా ఒక్క పిల్లనూ పంపక్కర్లేదని చెప్పి వెళ్ళారు. జూన్‌లో బళ్ళు తెరిచే నాటి సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఇదంతా అయ్యాక, మా ఇంటికి రావలసిన కాగితం వచ్చింది. అందరికన్నా ఆలస్యంగా. ఎక్కడ తిరిగిందో. నాలుగవుతుంటే పోస్టుమ్యాన్ గేటులోంచి విసిరి వెళ్ళాడు. నేను గోరుచిక్కుడు కాయలు పళ్ళెంలో పోసుకుని అప్పుడే కూర్చున్నాను. లేచి వెళ్ళి తీసుకున్నాను.

శేషారత్నం గారికి అని నా రాతే. ఒక మూల కాస్త నలిగింది. తడవలేదు. నాలుగు మూలలా పసుపు. ఒక మూల మరీ ఎక్కువ, చిన్నపిల్ల వేలి గుర్తు గీతలతో సహా కనబడుతోంది. ఉప్పెన వచ్చిన ఏడు పసుపు మానేసిన మనిషి మా అత్తయ్య. పేరంటాలకు పిలిచేవారు కాదు. శుభలేఖ వస్తే కొడుకు పేరునో, నా పేరునో వచ్చేది. ఆవిడ పేరు రాసి పసుపు పెట్టిన కాగితం ఈ ఇంటికి రావడం ఇదే మొదలు.

కాగితం తీసుకుని గుమ్మం దాటి లోపలికి వచ్చాను. కుర్చీకి ఎదురుగా నా చోట నేను కూర్చున్నాను. అంచు విప్పి, మొదటి లైను నుంచి పైకే చదివాను. తొందరేం పడలేదు. వాకిలి కడిగిన దగ్గర ఆగాను. లెక్క తప్పిన దగ్గర ఆగాను. ఆవిడ లేరు, కబురు మాత్రం వస్తుంది అన్న దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు. దీపాలు పెట్టే వేళయింది.

కత్తిపీట తీసి గోడకు ఆనించాను. కాయలు కోయలేదు. పళ్ళెంలో అలాగే ఉంచేశాను.